గుండ్లకమ్మ ఒడ్డున వ్యక్తి నిర్ణయం: తెలుగు బాప్తిస్టు సంఘాల తొలి చరిత్ర

క్రైస్తవ చింతనలో స్వేచ్ఛాసంకల్పం అనే సమస్య, అంటే దేవుణ్ణి నమ్మడమో నమ్మకపోవడమో మనిషి తన సొంత శక్తితో నిర్ణయించుకోగలడా అన్న ప్రశ్న, పదహారు శతాబ్దాలుగా తెగకుండా నడుస్తున్నది. ఐదో శతాబ్దం తొలి దశకాలలో, బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాగియస్ అనే తపస్వి, ధర్మాన్ని ఆచరించమని దేవుడు ఆజ్ఞాపించాడంటే ఆచరించే శక్తిని కూడా మనిషికి ఇచ్చే ఉంటాడని వాదించగా, ఉత్తరాఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్ అగస్టీను, ఆదాము పతనంతో మానవ సంకల్పం చెడిపోయిందనీ, దేవుని కృప ముందుగా తాకితే తప్ప అది మంచివైపు కదలలేదనీ సమాధానమిచ్చాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను ఖండించింది. అయినా అగస్టీను మాటను చివరంటా అంగీకరిస్తే తలెత్తే చిక్కు అలాగే మిగిలిపోయింది: కృప లేనిదే విశ్వాసం పుట్టదు, ఆ కృప ఎవరికి దక్కాలో దేవుడే నిర్ణయిస్తాడు, అటువంటప్పుడు నమ్మనివాణ్ణి దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం?

పదహారో శతాబ్దపు మతసంస్కరణ ఈ చిక్కును మళ్ళీ పైకి తెచ్చింది. 1524లో ఎరాస్మస్ సంకల్పస్వేచ్ఛను సమర్థిస్తూ గ్రంథం రాయగా, మరుసటి ఏడాది మార్టిన్ లూథర్ సంకల్పం దాస్యంలోనే ఉందని అంతకంటె పెద్ద గ్రంథంతో బదులు చెప్పాడు. రక్షణ పొందవలసినవారిని దేవుడు సృష్టికి ముందే ఏర్పరచుకున్నాడని జెనీవాలో కాల్విన్ బోధించిన సిద్ధాంతం హాలెండు సంఘాలలో వేళ్ళూనిన కాలంలో, లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యాకోబ్ అర్మీనియస్ దానిని సడలించి, కృప అందరికీ అందించబడుతుందనీ, దానిని తోసిపుచ్చే స్వేచ్ఛ మనిషికి ఉందనీ చెప్పాడు. ఆయన 1609లో మరణించగా, శిష్యులు మరుసటి ఏడాది ఐదు అంశాల విజ్ఞాపన సమర్పించారు. 1618-19లో డోర్ట్ నగరంలో సమావేశమైన సభ ఆ ఐదింటినీ తిరస్కరించింది. కాల్వినీయులు, అర్మీనియనులు అనే పక్షాలు ప్రొటెస్టెంటు ప్రపంచంలో అప్పటినుంచి స్థిరపడ్డాయి.

ఇదంతా దేవుని ఎదుట మనిషికి ఉన్న స్వేచ్ఛను గురించిన వాదం. పండితుల గ్రంథాలలో కన్నా న్యాయస్థానాల తీర్పులలో, శిక్షలు అమలైన చోట ఎక్కువగా వినిపించిన మరో ప్రశ్న దీని పక్కనే సాగింది: రాజు, తండ్రి, ఊరు, కులం వంటి మానవాధికారాల ఎదుట తన విశ్వాసాన్ని తాను ఎంచుకునే హక్కు వ్యక్తికి ఉందా? 1525 జనవరిలో స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో కాన్రాడ్ గ్రెబెల్, ఫెలిక్స్ మాంజ్, జార్జ్ బ్లౌరాక్ తదితరులు, పసితనంలో పొందిన బాప్తిస్మం చెల్లదనీ, తెలివి వచ్చి స్వయంగా ఒప్పుకున్నవారే దానికి అర్హులనీ నిర్ణయించుకుని ఒకరికొకరు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఊరిలో పుట్టిన ప్రతి శిశువునూ సంఘంలో చేర్చే కాలంలో ఈ పని రాజ్యధిక్కారంతో సమానం. రెండేళ్ళు తిరిగేసరికి మాంజ్‌ను ఆ నగరపు పాలకులే లిమ్మత్ నదిలో ముంచి చంపించారు. తెలుగునేలపై స్వేచ్ఛాసంకల్ప వివాదం వచ్చినప్పుడు దానికి ప్రాణం పోసింది ఈ రెండో ప్రశ్నే. మొదటి ప్రశ్న మిషనరీల చదువు గదుల గడప దాటి పెద్దగా బయటికి రాలేదు.

ఇంగ్లండులో ఇదే ధోరణి బాప్తిస్టులనే శాఖగా రూపొందింది. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రవాసులుగా ఉన్న జాన్ స్మిత్, థామస్ హెల్విస్ తొలి బాప్తిస్టు సంఘాన్ని ఏర్పరచగా, హెల్విస్ స్వదేశానికి తిరిగివచ్చి, ప్రజల ఆత్మలపై రాజుకు అధికారం లేదని 1612 నాటి తన పుస్తకంలో రాసినందుకు న్యూగేట్ చెరసాల పాలయ్యాడు. వీరు అర్మీనియస్ బోధకు దగ్గరైనవారు కాగా, కొన్ని దశాబ్దాలలోనే కాల్విన్‌ను అనుసరించే మరో బాప్తిస్టు వర్గం బయలుదేరింది. క్రీస్తు అందరి కోసం మరణించాడని మొదటి వర్గం, ఏర్పరచబడినవారి కోసమే మరణించాడని రెండవ వర్గం నమ్మినా, శిశువులకు బాప్తిస్మం ఇవ్వకూడదనే విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఇక్కడ ఒక విచిత్రం గమనించదగ్గది. మనిషి తనంతట తాను దేవుణ్ణి ఎంచుకోలేడని నమ్మిన కాల్వినీయ బాప్తిస్టులే, ఎంచుకున్నానని మనిషి నోరు తెరిచి చెప్పనిదే సంఘంలో చేర్చుకోబోమని పట్టుబట్టారు. 1833లో అమెరికాలో వెలువడిన న్యూహాంప్‌షైర్ విశ్వాసప్రకటన కాల్వినీయ సిద్ధాంతపు పదును తగ్గించి రెండు ధోరణులనూ ఇంచుమించు సరిపుచ్చింది. తెలుగుదేశానికి అమెరికన్ బాప్తిస్టు మిషన్ బయలుదేరినది ఆ తరువాతి కొద్ది కాలంలోనే.

ఆ మిషన్ తొలి ప్రతినిధి శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగి, మద్రాసులో కొంతకాలం ఉండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. లైమన్ జూయెట్ 1849లో వచ్చి చేరాడు. పాతికేళ్ళ పాటు ఇక్కడ బాప్తిస్మం పొందినవారి సంఖ్య ఎంత స్వల్పంగా ఉందంటే, నెల్లూరు కేంద్రాన్ని మూసివేసే ఆలోచన అమెరికాలోని మిషన్ పెద్దల ముందుకు ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఈ వైఫల్యానికి వాతావరణం, నిధుల కొరత వంటి కారణాలు చెప్పడం పరిపాటి అయినా, అసలు కారణం బాప్తిస్టు సిద్ధాంతపు స్వభావంలో కూడా కొంత ఉంది. గుంటూరులో 1842లో పని ప్రారంభించిన లూథరను మిషనరీ హేయర్‌కు గాని, మచిలీపట్నంలోని ఆంగ్లికనులకు గాని, ఒక ఇంటి యజమాని ఒప్పుకుంటే చంటిబిడ్డతో సహా ఇంటిల్లిపాదినీ సంఘంలో చేర్చుకునే వీలుండేది. బాప్తిస్టు మిషనరీ మాత్రం తండ్రి నిర్ణయం కొడుకుకు చెల్లదని, భర్త ఒప్పుకోలు భార్యది కాదని, ఒక్కొక్కరినీ వేరువేరుగా నిలబెట్టి అడగవలసి వచ్చేది.

ఆ కాలంలో తెలుగు పట్టణాలలో మతమార్పిడి అంటే అగ్రకుల యువకుడొకడు ఇల్లు విడిచి మిషనరీ బంగళా చేరడమనే అర్థం చేసుకునేవారు. 1852లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పాఠశాల విద్యార్థులైన మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, ఐనాల భూషణం అనే వెలమ యువకుడు క్రైస్తవులైనప్పుడు ఊరు అట్టుడికిపోయి బడి ఖాళీ అయింది. ఇటువంటి తగవులు అధికారుల ముందుకు వచ్చినప్పుడు విచారణ అంతా యువకుడి వయస్సు ఎంత, అతడు సొంత ఇష్టంతోనే వచ్చాడా అనే రెండు ప్రశ్నల చుట్టూ తిరిగేది. సిద్ధాంతంలో బాప్తిస్టులు అడిగే ప్రశ్ననే ఇక్కడ కంపెనీ ప్రభుత్వపు మేజిస్ట్రేటు అడిగేవాడన్నమాట. చట్టాలు కూడా అదే నమూనాను అనుసరించాయి: మతం మార్చుకున్నవాడు వారసత్వపు హక్కు కోల్పోనక్కరలేదని 1850 నాటి 21వ చట్టం చెప్పింది, మతం మారిన కారణంగా భార్యో భర్తో కాపురానికి నిరాకరిస్తే, న్యాయస్థానం వారికి ఏడాది గడువిచ్చి, మనసు మారకపోతే వివాహబంధాన్ని తెంచవచ్చని 1866 నాటి 21వ చట్టం చెప్పింది. ఈ చట్టాలు ఊహించుకున్న మనిషికి ఆస్తి ఉంది, ఇల్లు ఉంది, ఒంటరిగా గడప దాటి వెళ్ళేందుకు మరొక చోటు ఉంది. పల్లె చివర గూడెంలో ఉన్నవారికి ఈ మూడింటిలో ఏదీ లేదు. అయినా వేల సంఖ్యలో నిర్ణయం తీసుకున్నది వారే.

అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు తాలూకాలో మాదిగల జీవనం ఊరి వ్యవసాయంతో పెనవేసుకుని ఉండేది. రైతులకు చెప్పులు కుట్టడం, బావుల నుంచి నీరు తోడే మోటలకు తోలు సంచులు తయారుచేయడం, చచ్చిన గొడ్లను ఈడ్చుకుపోవడం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం వారి విధులు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు అందే మేర, అంటే ఆనవాయితీగా వచ్చే గింజల వాటా, వాటికి ప్రతిఫలం. ఈ విధులు ఒక మనిషికి గాక ఒక గూడేనికి అంటిపెట్టుకుని ఉండేవి కాబట్టి, ఒకడు మానుకుంటే శిక్ష అందరికీ పడేది. అందువల్ల కులపెద్దలు కూర్చుని మాట్లాడుకోకుండా ఎవరూ ఏ కొత్త దారీ పట్టేవారు కాదు. వ్యక్తి నిర్ణయం అనే భావం మాత్రం వారికి పరాయిది కాదు. ఈ సంగతిని మిషన్ చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యులలో కక్కయ్య అనే మాదిగ ఉన్నాడన్న ఐతిహ్యం తెలుగునాట సుప్రసిద్ధం. గురువును వెతుక్కుని, అతని వద్ద ఉపదేశం పొంది, విగ్రహారాధన మానివేసి ఒకే దేవుణ్ణి ధ్యానించే యోగి సంప్రదాయాలు పంతొమ్మిదో శతాబ్దపు మాదిగ గూడేలలో బలంగా ఉండేవి. నాసరయ్య అనే గురువు అనుయాయులను గురించి, రాజయోగ సాధకులను గురించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే గ్రంథం విపులంగా చెబుతుంది. కులం పుట్టుకతో వచ్చినా గురువును ఎంచుకోవడం మనిషి చేతిలో ఉన్నదని ఆ సంప్రదాయాలు అప్పటికే నేర్పి ఉన్నాయి.

ఒంగోలుకు పడమరనున్న తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అటువంటి సాధకుడే. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాన ఉన్న ఏలూరు ప్రాంతానికి వెళ్ళి వస్తూ, అక్కడి మిషనరీల నోట క్రైస్తవ బోధ విని, తన ఊరికి తిరిగివచ్చి, ఏ మిషనరీ ప్రమేయమూ లేకుండానే తనవారికి ఆ సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో ఆయనా భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. అదే ఏడాది ఒంగోలుకు మకాం మార్చిన జాన్ ఎవరెట్ క్లౌ, పూర్వాశ్రమంలో మిన్నెసోటా అడవుల్లో భూముల సర్వే చేసినవాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘాన్ని ఏర్పరచిన ఆయన, ఆ నెలలోనే పేరయ్య పిలుపుపై తాళ్ళకొండపాడు వెళ్ళాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మూటలు కట్టుకుని వచ్చినవారు కొన్ని రోజులపాటు చెట్టు కింద కూర్చుని బోధ విన్న తర్వాత 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ 28 మందిలో ప్రతివాడినీ క్లౌ విడివిడిగా ప్రశ్నించే ఉంటాడు, బాప్తిస్టు నియమం అదే గనుక. కాని వారు వచ్చింది బంధువులుగా, వియ్యంకులుగా, ఒకే గురువు వద్ద కూర్చున్న తోటి శిష్యులుగా. తరువాతి పదేళ్ళలో ఈ ఉద్యమం వ్యాపించిన మార్గాలను గమనిస్తే, మిషన్ గీసిన పటంలోని దారుల కన్నా మాదిగల పెళ్ళి సంబంధాల దారులే అందులో ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటి ఏళ్ళలోనే ఒంగోలులో మిషనరీ కూడా ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. క్లౌ బోధపట్ల కొంత ఆదరం చూపిన ఊరి బ్రాహ్మణులు తదితర అగ్రకులస్థులు, మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని స్పష్టం చేశారు. ఆ సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య హారియెట్ వేరువేరు గదులలో బైబిలు తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం, లోకం తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం, కంటపడిందనీ, దానితో ఆయన మాదిగల పక్షాన నిలిచాడనీ మిషన్ సాహిత్యంలో పదేపదే చెప్పుకున్నారు. స్వేచ్ఛాసంకల్పానికి పట్టంగట్టిన శాఖకు చెందిన మనిషి, తన జీవితంలోకెల్లా పెద్ద నిర్ణయాన్ని తాను తీసుకున్నట్టు గాక, తనకు చూపబడినట్టు చెప్పుకోవడంలో అగస్టీను నీడ కనిపిస్తుంది.

బాప్తిస్మం పొందగోరే మాదిగలకు క్లౌ మూడు నియమాలు విధించాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చదవడానికి ఇవి సన్మార్గపు చిన్న సూత్రాల్లా కనిపించినా, ఒక్కొక్కటీ గ్రామవ్యవస్థలోని ఒక్కో కట్టడిని తాకింది. విగ్రహపూజ మానడమంటే జాతరలో డప్పు కొట్టకపోవడం, డప్పు లేనిదే అమ్మవారి కొలుపు సాగదు కనుక అది ఊరందరి క్షేమంతో ముడిపడిన ధిక్కారం. ఆదివారం పని మానడమంటే కోత సమయంలో ఆసామి కబురు పెట్టినా కదలకపోవడం. చచ్చిన గొడ్డు మాంసాన్ని కాదనడమంటే ఆనవాయితీగా దక్కే వాటాను వదులుకోవడమే గాక, దాన్ని తినే సొంత బంధువులతో విందులో కలిసి కూర్చోలేకపోవడం. ఈ విధంగా మూడు నియమాలూ మనిషిని మూడు వైపుల నుంచి, అంటే దేవాలయం వైపు నుంచి, పొలం వైపు నుంచి, తన సొంత గూడెం వైపు నుంచి, ఒకేసారి పరీక్షకు పెట్టాయి.

ఊళ్ళు ఊరుకోలేదు. కరణాలు, మునసబులు, పెద్ద రైతులు కలిసి క్రైస్తవ మాదిగలను బావుల దగ్గరికి రానివ్వకపోవడం, అంగడిలో సరుకులు అమ్మవద్దని కోమట్లను కట్టడి చేయడం, వెట్టి పనికి ఈడ్చుకుపోవడం, లేనిపోని నేరాలు మోపి ఠాణాకు పంపడం ఆ దశాబ్దపు మిషన్ రాతలలో మాటిమాటికీ వస్తుంది. క్లౌ ఇంగ్లీషు అధికారుల దగ్గర పలుకుబడి ఉపయోగించి కొన్ని తగవులు తీర్చినా, రోజూ ఊరి మధ్య బతకవలసినవారికి ఆ సాయం ఎప్పుడో గాని అందేది కాదు. వ్యక్తి స్వేచ్ఛకు ఇక్కడ దొరికే సాక్ష్యం, మిషనరీ అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబుల కన్నా ఈ నిరాకరణలలోనే గట్టిగా ఉంది. తాను నమ్ముతున్నానని ఎవరైనా చెప్పగలరు; డప్పు కొట్టనని ఊరి ముందు చెప్పినవాడు మరునాడు నీళ్ళు ఎక్కడ తెచ్చుకోవాలో ముందే ఆలోచించుకుని ఉండాలి. తరతరాలుగా కాదనే హక్కు లేకుండా బతికినవారికి విశ్వాసం మొదట ఇచ్చింది కాదనగలిగే అవకాశాన్ని.

1876లో మొదలైన కరువు, ధాత నామ సంవత్సరంతో గుర్తుండిపోయిన మహాక్షామం, ఈ స్వేచ్ఛ అర్థాన్నే సందేహంలో పడేసింది. తిండి లేనివాడు చేసే మతనిర్ణయం ఇష్టపూర్వకమేనా? సర్వే పని తెలిసిన క్లౌ, మద్రాసు తీరం వెంబడి ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ప్రభుత్వ కూలి పనుల శిబిరాలకు వెళ్ళడానికి భయపడిన వేలాది మందికి పని కల్పించాడు. మిషన్ బోధకులే అక్కడ మేస్త్రీలుగా ఉండి, పగలు తవ్వకాలు చూస్తూ, విరామవేళల్లో కూలీలతో మాట్లాడుతూ ఉండేవారు. బాప్తిస్మం ఇమ్మని అడిగేవారు పెరిగిపోతుండగా క్లౌ దాదాపు 15 నెలలపాటు ఎవరికీ ఇవ్వలేదు. అన్నానికీ నమ్మకానికీ ముడిపడిందన్న అనుమానం రాకుండా ఉండేందుకు ఆయన ఎంచుకున్న ఈ మార్గంలో ఒక వైరుధ్యం ఉంది: ప్రతివాడూ స్వయంగా నిర్ణయించుకోవాలని బోధించిన మిషనరీ, వారు నిర్ణయించుకున్నామని వస్తే, ఆ నిర్ణయం నిజమైనదా కాదా అని తేల్చే అధికారాన్ని తన చేతిలో ఉంచుకున్నాడు. జూరిక్‌లో పాలకుల చేతినుంచి లాక్కున్న అధికారం ఇక్కడ మరో రూపంలో బోధకుడి చేతికి వచ్చింది.

కరువు సాయం ముగిసిన తర్వాత, 1878 జూన్ చివర, ఒంగోలుకు ఉత్తరంగా సుమారు పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ నది ఒడ్డునున్న వెల్లంపల్లి వద్ద జనం గుమిగూడారు. తాము సాయం కోరడం లేదనీ, బాప్తిస్మం ఇవ్వనంటే ఇళ్ళకు వెళ్ళబోమనీ వారు పట్టుబట్టినట్టు క్లౌ రాసుకున్నాడు. ఏ ఊరివారు ఆ ఊరి బోధకుని వెంట విడివిడి గుంపులుగా కూర్చోగా, వారిని చాలాకాలంగా ఎరిగిన బోధకుడు సాక్ష్యం చెప్పిన తర్వాత, ప్రశ్నించి, పేర్లు రాసుకున్నారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల లెక్క మూడున్నర వేలు దాటింది, ఆ ఏడాది చివరికి తొమ్మిది వేలు మించింది. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, ఎండ వేళ ఆపి, సాయంత్రం దాకా సుమారు తొమ్మిది గంటలు సాగిన ఆ కార్యంలో ఒక్కో మనిషికి పట్టిన సమయం అర నిమిషం. క్లౌ తాను ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో మూడు వేలమందిని ముంచడం అసాధ్యమని శిశుబాప్తిస్మవాదులు చాలాకాలంగా చేస్తున్న ఆక్షేపణకు అమెరికన్ బాప్తిస్టులు గుండ్లకమ్మ లెక్కనే జవాబుగా చూపించడం ఆ సంఘటనకు దక్కిన అనుకోని వినియోగం.

అమెరికాలో ఉత్సాహంతో పాటు సందేహం కూడా పుట్టింది. అన్నం కోసం వచ్చినవారని, గుంపుగా చేరినవారికి వ్యక్తిగతమైన మారుమనస్సు ఉండదని విమర్శలు వచ్చాయి. మొదటి విమర్శకు కాలక్రమమే కొంత సమాధానం: కూలి ఆగిపోయిన తర్వాత బాప్తిస్మాలు జరిగాయి, అలా చేరినవారిలో చాలామంది కరువుకు ముందే పేరయ్య వంటివారి బోధ విన్న గూడేలవారు. అయితే ఆకలి పాత్ర ఏమీ లేదనడం కూడా అతిశయోక్తే అవుతుంది. ఊరి పెద్దలు చేతులెత్తేసిన రోజుల్లో తమ పక్కన నిలిచినవారి దేవుణ్ణి గురించి ఆలోచించడం ఆకలిగొన్నవారికి సహజం, అటువంటి ఆలోచనలో తప్పు పట్టవలసినది కూడా కనిపించదు. రెండో విమర్శ అంతకంటె లోతైనది. సిద్ధాంతం ఒంటరి మనిషిని ఊహించుకోగా, గూడెంలో మనిషి ఒంటరిగా లేడు. కులపెద్దలు ముందు కూర్చుని సమ్మతించడం వల్లనే తక్కినవారికి అవునో కాదో చెప్పే ధైర్యం వచ్చిందనీ, ఊరంతా వెళ్ళినా మిగిలిపోయిన ఇళ్ళు ప్రతి గూడెంలోనూ ఉన్నాయనీ గమనిస్తే, సామూహిక నిర్ణయం వ్యక్తి నిర్ణయాన్ని మింగివేసిందని చెప్పడం కష్టం.

క్లౌ కూడా వయస్సు పైబడిన కొద్దీ ఈ దిశగానే ఆలోచించినట్టు ఆయన స్మృతుల గ్రంథం ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ సూచిస్తుంది. ఆయన 1910లో మరణించగా 1914లో వెలువడిన ఈ పుస్తకాన్ని అక్షరబద్ధం చేసినది రెండో భార్య ఎమ్మా. సామాజిక సువార్త అనే ధోరణికి ఆద్యుల్లో ఒకడైన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. కనుక అందులోని సామూహిక జీవన ప్రశంస ఎంతవరకు క్లౌది, ఎంతవరకు ఎమ్మాది అని విడదీయడం పాఠకునికి సులభం కాదు. 1933లో జె. వాస్కమ్ పికెట్ అనే మెథడిస్టు మిషనరీ, తెలుగు ప్రాంతాలతో సహా దేశంలోని పలు చోట్ల విచారణ జరిపి ప్రచురించిన అధ్యయనం, ఇటువంటి సామూహిక ఉద్యమాలలో చేరినవారి ఉద్దేశాలను లెక్కగట్టే ప్రయత్నం చేసింది. సంఘంలో చేరేనాటి ఉద్దేశం కన్నా చేరిన తర్వాత అందిన బోధ, శిక్షణ క్రైస్తవ జీవితంపై ఎక్కువ ప్రభావం చూపుతాయనేది ఆయన నిర్ధారణలలో ముఖ్యమైనది. నిర్ణయం ఒక్క క్షణంలో పూర్తయ్యే ఘటన కాదని దీని తాత్పర్యం.

పికెట్ పుస్తకం వచ్చిన కొద్ది ఏళ్ళకే ఈ చర్చ మిషన్ల పరిధి దాటింది. 1935లో అంబేడ్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించిన తర్వాత, గాంధీ ‘హరిజన్’ పత్రికలో, మతసిద్ధాంతాలను బేరీజు వేసుకునే స్థితిలో లేని నిరుపేదలను గుంపులుగా మార్చడం ఆధ్యాత్మికం కాదని తీవ్రంగా రాశాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా 1912లో అభిషిక్తుడై, మాల మాదిగ గూడేల మధ్య డోర్నకల్ కేంద్రంగా పనిచేసిన వి. ఎస్. అజరయ్య ఆ వాదాన్ని అంగీకరించలేదు. ఈ వివాదంలో గాంధీ అడిగినది నిజానికి బాప్తిస్టు ప్రశ్నే: వ్యక్తి అర్థం చేసుకుని నిర్ణయించుకున్నాడా? అయితే ఆ ప్రశ్న పేదల విషయంలోనే ఎందుకు వినిపిస్తుందో, పుట్టిన మతంలోనే కొనసాగేవారిని అర్థం చేసుకునే కొనసాగుతున్నారా అని ఎవరూ ఎందుకు అడగరో ఆయన చెప్పలేదు.

ఈ చరిత్రలో స్త్రీల నిర్ణయం అన్నిటికన్నా మసకగా ఉంది. భర్త నిర్ణయం భార్యకు చెల్లదన్న నియమం కాగితంపై స్త్రీకి అపూర్వమైన స్థానమిచ్చింది. ఆమెను కూడా పేరు పెట్టి పిలిచి, ఆమె నోటితోనే సమాధానం రాబట్టవలసి ఉండేది. ఆ సమాధానాలలో దాదాపు ఏవీ భద్రపరచబడలేదు. బోధకుల పేర్లు, వారి ఊళ్ళు, వారి గురువుల వివరాలు సైతం గ్రంథాలకెక్కగా, వారి భార్యలలో చాలామంది ఒక్క వాక్యంలో కనుమరుగవుతారు. నాగమ్మ పేరు నిలవడమే ఒక మినహాయింపు. భార్యలు ముందుగా కాదని, తరువాత అవునన్న సందర్భాలు మిషన్ కథనాలలో తగులుతాయి గాని, వాటి మధ్య కాలంలో ఇంట్లో ఏం జరిగిందో ఆ కథనాలు పట్టించుకోవు.

రెండో తరం నాటికి సమస్య రూపం మారింది. బాప్తిస్టు సిద్ధాంతం ప్రకారం క్రైస్తవుడిగా ఎవరూ పుట్టరు. అయినా ఒంగోలు, కంభం, వినుకొండ, నర్సరావుపేట ప్రాంతాల గూడేలలో తలిదండ్రులు పెట్టిన బైబిలు పేర్లతో, ఆదివారం బడితో, క్రిస్మసు పాటలతో పెరిగిన పిల్లలకు బాప్తిస్మం ఒక మలుపు కావడం మానివేసి, ఈడు వచ్చిన పిల్లలంతా కలిసి చేసే వేడుకగా మారింది. పద్నాలుగో పదిహేనో ఏట పాస్టరు ముందు నిలబడి, ముందుగా నేర్చుకున్న జవాబులు చెప్పి నీళ్ళలోకి దిగే పిల్లలకు కాదనే అవకాశం సిద్ధాంతంలో ఉంది గాని ఇంట్లో అంతగా లేదు. ఈ చల్లదనాన్ని వదిలించడానికి ఇరవయ్యో శతాబ్దంలో ఉజ్జీవ సభలు, అంటే నిద్రాణమైన విశ్వాసాన్ని మేల్కొల్పే కూటాలు, వ్యక్తి నిర్ణయాన్ని మళ్ళీ ముందుకు తెచ్చి, క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవారినే చేతులెత్తమని, ముందుకు రమ్మని పిలవసాగాయి.

రాజ్యం మాత్రం ఆ మతాన్ని పుట్టుకగానే లెక్కించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా, క్రైస్తవులను వెలుపలే ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి వెనుకబడిన తరగతుల జాబితాలో ‘సి’ విభాగం కింద క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారికి, వారి సంతానానికి 1 శాతం రిజర్వేషన్ నిర్దేశించబడింది. గుండ్లకమ్మలో దిగినవారి మునిమనుమలు ఆ నదిని ఎన్నడూ చూడకపోయినా, ఆ నిర్ణయాన్ని తాము స్వయంగా తీసుకున్నారో లేదో ఎవరూ అడగకపోయినా, బడిలో చేరేనాడు తీసుకునే కులధ్రువీకరణ పత్రంలో దాని ఫలితం నమోదవుతుంది. అందుకే ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబాలు ఎన్నో కాగితాలలో హిందూ మాదిగలుగా నమోదై ఉన్నాయి. సంఘపు రిజిస్టరులో ఒక పేరు, తహశీల్దారు కార్యాలయంలో మరొక పేరు ఉన్నవారూ ఒంగోలు చుట్టుపక్కల అరుదు కారు.